నల్ల ఇసుక నుంచి నానో అయస్కాంతం దాకా

మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణమ్మ దక్కను నల్లరాళ్లను ఒరుసుకుంటూ వచ్చి, హంసలదీవి పక్కన పాలకాయతిప్ప దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ రాళ్లలోని మాగ్నటైట్ రేణువులు ఏటి ఇసుకతోపాటే దిగువకు కొట్టుకొస్తాయి. అయస్కాంతానికి అంటుకునే నల్ల ఇసుక అదే. అయస్కాంత నానో రేణువుల చరిత్రను ఇక్కణ్నుంచి చూస్తే, అది మనకు పరాయి కథ కాదు.

నిజామాబాద్ వైపు కోనసముద్రంలో రెండు రకాల ఇనుమును కలిపి మూసలో కరిగించి ఉక్కు చేసేవారు. వాటిలో ఒకటి ఇనుప ఇసుక నుంచి తీసిందని 19వ శతాబ్దం తొలినాళ్లలో ఆ పని చూసిన హెన్రీ వాయిసీ రాశాడు. ఆ ఉక్కు కోసం పారశీక వర్తకులు ఊరిదాకా వచ్చేవారు. గోల్కొండ సీమ ఉక్కు మన బందరు రేవు నుంచే ఓడలెక్కింది. మన దేశపు మూస ఉక్కుతో చేసే డమాస్కస్ ఖడ్గాల్లో 17వ శతాబ్దం నాటిదొకటి తీసుకుని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు పరీక్షిస్తే, కార్బన్ నానో గొట్టాలు బయటపడ్డాయి. అది 2006 నాటి మాట. కొలిమివాళ్ల చేతికి తెలిసినదాన్ని కొలవడానికి సాధనాలు అంత ఆలస్యంగా వచ్చాయి.

అయస్కాంతత్వ సిద్ధాంతంలోనూ మన కృష్ణా జిల్లా పేరుంది. అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం, స్ఫటికాల అయస్కాంత సౌష్ఠవానికీ వాటి భౌతిక ధర్మాలకూ ఉన్న సంబంధాన్ని 1964లో సహపరిశోధకుడు పంతులుతో కలిసి వివరించారు. అప్పటికే 1949లో లూయీ నీల్ అతిచిన్న రేణువుల అయస్కాంతత్వం వేడికి ఎలా తల్లకిందులవుతుందో లెక్కగట్టాడు. 1963లో నాసాలో పాపెల్ అయస్కాంత ద్రవం చేశాడు. 1981లో మస్సార్ నీటిలోనే మాగ్నటైట్‌ను అవక్షేపించే తేలిక దారి చూపాడు.

ఆ దారి డిగ్రీ కాలేజీ ప్రయోగశాలకూ అందుతుంది. ఫెర్రస్ అయాన్లు ఒక పాలు, ఫెర్రిక్ అయాన్లు రెండు పాళ్లు కలిపిన ద్రావణంలో అమ్మోనియా పోస్తే నల్లటి అవక్షేపం దిగుతుంది. మాగ్నటైట్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తే ఆ రెండు అయాన్లూ అదే నిష్పత్తిలో వస్తాయి. అంటే ముడిసరుకు మన ఏటి ఇసుకలోనే ఉంది.

తయారీ కంటే నిరూపణే కష్టం. ఎక్స్‌రే వివర్తనంలో శిఖరం ఎంత వెడల్పయితే స్ఫటికం అంత చిన్నదని షెరర్ 1918లో చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. అయితే మాగ్నటైట్‌, దాని ఆక్సీకరణ రూపమైన మాగ్‌హెమైట్‌ల వివర్తన చిత్రాలు దాదాపు ఒకేలా ఉంటాయి. మోస్‌బావర్ వర్ణపటం చూడకుండా ఇది మాగ్నటైటే అని రాసేయడం నా దృష్టిలో తొందరపాటు. కంపన మాగ్నెటోమీటర్ ఇంకో నిజం చెబుతుంది. గది ఉష్ణోగ్రతలో పెద్ద స్ఫటికానికి గ్రాముకు సుమారు 92 ఈఎంయూ ఉండే సంతృప్త విలువ నానో రేణువులో తగ్గుతుంది, ఉపరితలం మీది స్పిన్‌లు వరస తప్పుతాయి కనుక. పరిమాణం సుమారు 20 నానోమీటర్ల లోపుకు దిగితే, అయస్కాంతం తీసేయగానే రేణువు తన అయస్కాంతత్వాన్ని వదిలేస్తుంది. మందును శరీరంలో మోసుకెళ్లడానికీ, ఎంఆర్‌ఐకీ పనికొచ్చే గుణం ఇదే.

ఒంటిగా ఉంటే ఈ రేణువులు గుంపుకడతాయి, గాలి తగిలి ఆక్సీకరణ చెందుతాయి. అందుకే సిలికాలోనో కైటోసాన్‌లోనో పొదిగి నానో మిశ్రమాలు చేస్తారు. కైటోసాన్ రొయ్య పెంకుల నుంచి వస్తుంది. రొయ్యల చెరువుల డెల్టాలో పెంకులకు కొరత లేదు. అలాంటి మిశ్రమం నీటిలోని అద్దకపు రంగుల్ని పట్టేస్తుంది, తర్వాత అయస్కాంతంతో దాన్ని బయటికి లాగేయొచ్చు. ఆ రంగులతో పని చేసే పెడన కలంకారీ మన పక్కనే ఉంది.

బందరు, గుడివాడ, అవనిగడ్డ కళాశాలల అధ్యాపకులకు నా మనవి ఒక్కటే: వచ్చే ఏడాది ప్రాజెక్టుల్లో ఒకటైనా ఈ ఇసుకతో, ఈ పెంకులతో చేయించండి, కొలతలు పూర్తిగా తీయించండి.