అంగుళంన్నర

తెల్లారగట్ల ఐదున్నర. బాబాయ్ ఇంటి వరండాలో ఇస్త్రీ పెట్టె ఇంకా సెగలు కక్కుతోంది. బల్ల మీద పరిచిన బూడిదరంగు ప్యాంటుకి ఆఖరి మడత పెడుతున్నాడాయన. మడత కత్తి అంచులా నిలబడింది.

"ఇవాళ్టికి పాతది వేసుకోరాదా బాబాయ్?"

"ఏం, చిరుగులు చూపించి అడుక్కోవాలా?"

నోరు మూసుకుంటాను. ఆయన గోడకి ఆనుకుని ప్యాంటు తొడుక్కుంటాడు. పరీక్షగా చూస్తే తప్ప తెలియదు, ఆ ప్యాంటు రెండు కాళ్ళూ ఒక కొలత కాదు. ఎడమది పొట్టి. టైలరు కాబట్టి తనవి తనే అలా కుట్టుకుంటాడు, రెండంచులూ చెప్పుల మీద సమానంగా పడేట్టు. కలిసి తిరిగేవాళ్ళలో కూడా చాలామందికి ఈ సంగతి తెలీదు. తెలియకూడదనే కుట్టాడు.

పిన్ని కాయితాల సంచి నా చేతికిస్తుంది. ఆధార్ జిరాక్సు, వైకల్యం శాతం తేల్చిన 2010 నాటి సదరం సర్టిఫికెట్టు, ఈ ఏడు క్యాంపులో ఇచ్చిన కొత్తది, ఆగస్టులో సచివాలయం కుర్రాడు ఇంటికొచ్చి సంతకం పెట్టించుకుని ఇచ్చిన పింఛను రద్దు నోటీసు, ఎంపీడీవో ఆఫీసులో ముద్ర వేయించుకున్న మా అప్పీలు నకలు. ఆ అప్పీలు మీదే ఇవాళ మళ్ళీ పరీక్ష. పాత సర్టిఫికెట్టులో 55 శాతం. కొత్తదాంట్లో 34. రెండో ఏట పోలియో తిన్న కాలు, ఈ పదిహేనేళ్ళలో 21 శాతం బాగుపడిందన్నమాట!

గీత 40 దగ్గరుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గీసిన గీత అది. దానికి అవతల ఉంటే 2024 జూలై నుంచి నెలకి 6,000 పింఛను. అంతకు ముందు 3,000. ఇవతల పడితే ఏమీ లేదు. అరవై నిండినవాళ్ళకి వృద్ధాప్య పింఛను 4,000 ఉందిగానీ, బాబాయ్‌కి ఇంకా 56.

ఆరుంబావు పల్లెవెలుగు ఆగుతుంది. మెట్టు ఎత్తు. రెండు చేతులా కమ్మీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కుంటాడు. కుడికాలు ముందు, ఎడమకాలు వెనకాల, పిలవని చుట్టంలా. కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తున్నట్టు నటిస్తాడుగానీ, పెదవులు కదులుతున్నాయి. నేను రాత్రి చెప్పింది నెమరేసుకుంటున్నాడు.

ఈ ఏడు క్యాంపులో జరిగింది మూడు నిమిషాల వ్యవహారం. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. నడవమన్నారు. నున్నటి టైల్సు మీద మోకాలు వెనక్కి బిగించి, ఊపిరి బిగబట్టి, పది అడుగులు నిటారుగా నడిచాడు. కింద కూర్చోగలరా? కూర్చుంటానండీ. మెట్లెక్కుతారా? ఎక్కుతానండీ. పనేం చేస్తారు? టైలర్నండీ, మిషను తొక్కుతాను. అన్నీ నిజాలే. కూర్చుంటాడు, గోడ దొరికితే. ఎక్కుతాడు, కమ్మీ ఉంటే. మిషను తొక్కుతాడు, కుడికాలితో. ప్రతి జవాబులో రెండో సగం మింగేశాడు. బయట వంద మంది వరసలో ఉన్నప్పుడు, మింగేసిన సగం కోసం వెతికే తీరిక ఆ డాక్టరుకి ఎక్కడిది?

ఈ సర్టిఫికెట్ల పునఃపరిశీలన ఎందుకు పెట్టారో నాకూ తెలుసు. చెవుడు సర్టిఫికెట్టు జేబులో పెట్టుకుని సెల్‌ఫోనులో గంటలు గంటలు మాట్లాడేవాళ్ళు లేరని ఎవరైనా అంటే నేను నమ్మను. వాళ్ళ మీద నాకన్నా బాబాయ్‌కే మంట ఎక్కువ. ఆ మంటలో ఆయన చేసిన పనేమిటంటే, అలాంటివాళ్ళలో తననొకడిగా ఎవరూ అనుకోకూడదని ఇంకాస్త నిటారుగా నడవడం.

అప్పీలు రాసిన రాత్రి గొడవంతా ఈ నిటారుతనం మీదే. డబ్బులిస్తే రాసిపెట్టేవాళ్ళు మండలాఫీసు ముందే ఉంటారు. "కడు పేదవాణ్ణి, తమరు దయతలచి" అంటూ అందరికీ ఒకే పాట. దయ సంగతి వద్దన్నాను. సర్టిఫై చేసినవాళ్ళ నిర్ణయం మీద అప్పీలుకి వెళ్ళే హక్కు ఆ 2016 చట్టంలోనే ఉంది, 59వ సెక్షన్. హక్కు ఉన్నచోట కావలసింది వివరం. కాబట్టి తెల్ల కాగితం తీసుకుని మొదలుపెట్టాను.

"చేను గట్టు మీద నడవలేను."

"అది రాయకు. చేనమ్మి ఎన్నాళ్ళయిందని?"

"ఎందుకమ్మావు?"

జవాబు లేదు. రాశాను.

"మరుగుదొడ్లో గొంతుక్కూర్చోలేను. కుర్చీకి కన్నం చేయించి వాడుతున్నాను."

"ఒరేయ్, అది ఆఫీసులో ఎవరెవరో చదువుతారు."

"చదవాలనే కదా."

పిన్ని పొయ్యి దగ్గర్నుంచే అంది: "వానాకాలం రెండుసార్లు పడ్డాడు, అదీ రాయి. రెండోసారి మణికట్టు వాచి పదిరోజులు కత్తెర పట్టలేదు." ఆ మాటతో బాబాయ్ లేచి వాకిట్లోకి పోయాడు. తొడ మీద చెయ్యి అదిమిపెట్టి, కాలు విసురుకుంటూ. ఇంట్లో నడిచే నడక అది. క్యాంపులో నడిచింది వేరే.

పడినప్పటి ఆసుపత్రి చీటీ జత చేశాం. కిందటిసారి కాళ్ళకి టేపు పెట్టి కొలవలేదన్న వాక్యం ఆఖర్న చేర్చింది బాబాయే. వాకిట్లోంచి తిరిగొచ్చి, గడపలో నిలబడి, "అంగుళంన్నర తేడా. అదొక్కటి రాయి" అన్నాడు.

బస్సు దిగేసరికి ఎండ ఎక్కుతోంది. ఈసారి వేరే ఆసుపత్రి. అప్పుడే తుడిచిన నడవ తడితడిగా మెరుస్తోంది, ఫినాయిల్ వాసన ముక్కు పగలగొడుతోంది. తడి గచ్చంటే ఆయనకి భయం. గోడవారగా, పెచ్చులూడిన సున్నం మీద అరచెయ్యి రాసుకుంటూ నడుస్తాడు. బెంచీ మీద నోటీసులవాళ్ళే అందరూ. పలకరింపు ఒకటే: "నీకెంతొచ్చింది?"

"ముప్ఫైఎనిమిది."

"అయ్యో, రెండులో పోయిందే!"

పదో తరగతి ఫలితాల నాటి మాటల్లా ఉంటాయి. ఒకామె ఒళ్ళో పదేళ్ళ పిల్లాడు. వాడి వినికిడికి బెరా పరీక్ష మళ్ళీ చేస్తారట. తెల్లారి లేపి తీసుకొచ్చిందేమో, ఫ్యాను చప్పుడూ టోకెన్ల కేకలూ ఏవీ పట్టని నిద్రలో ఉన్నాడు. ఆమె మాత్రం ప్రతి నంబరుకీ ఉలిక్కిపడుతోంది. చక్రాల కుర్చీలో ఉన్న ముసలాయన్ని తిట్టుకుంటూనే కొడుకు ఆయనకి విసురుతున్నాడు.

పదకొండున్నరకి మా నంబరు.

లోపల తెర, ఎత్తు మంచం. చిన్న వయసు డాక్టరమ్మ. అప్పీలు చదువుతోంది. కన్నం కుర్చీ దగ్గర ఆమె కళ్ళు ఒక్క క్షణం ఆగడం నేను చూస్తాను, బాబాయ్ కూడా చూస్తాడు. ఆయన మెడ ఎర్రబడుతుంది.

ప్యాంటు విప్పి దుప్పటి కప్పుకుని పడుకోమంటుంది. ప్యాంటు మడతలు కలిపి నా చేతికిస్తాడు. ఎడమ పిక్క కుడిదాంట్లో సగం లేదు. ఆమె గోనియోమీటరు తీస్తుంది, కోణమానినికి రెండు చేతులు మొలిచినట్టుండే పరికరం. మోకాలు, చీలమండ ఎంతవరకు కదులుతాయో డిగ్రీల్లో చూస్తుంది. తరవాత కండ బలం. "కాలు లేపండి. ఇప్పుడు నేను కిందికి అదుముతాను, ఆపండి." సున్నా నుంచి ఐదు దాకా ఉంటుందా లెక్క. ఎత్తగలిగితే మూడు, ఎదుటి చేతిని కొంత ఆపగలిగితే నాలుగు. బాబాయ్ దవడ బిగుసుకుంటుంది. ఆపాలని చూస్తున్నాడు. ఆపకు బాబాయ్, ఆపకు అని లోపల అనుకుని, అలా అనుకున్నందుకు సిగ్గుపడతాను. కాలు వణికి, ఆమె అరచేతి కింద మెల్లగా పడిపోతుంది.

"ఎడమకాలు ఒక్కదాని మీదే నిలబడండి."

మంచం అంచు వదిలి, రెండు సెకన్లు.

"గొంతుక్కూర్చుని లేవగలరా?"

ఇదే ఆ ప్రశ్న. ఆయన నావైపు చూడడు. "కూర్చుంటానండీ," అంటాడు. నా గుండె జారుతుంది. అంతలో, గొంతు సర్దుకుని, "పట్టుకోడానికేదైనా ఉంటేనేనండీ. లేవడం మాత్రం ఇంకొకరు లేపాలి."

డాక్టరమ్మ రాసుకుంటుంది. టేపు తీస్తుంది. శాతం లెక్కకట్టే మార్గదర్శకాల్లో పొట్టితనానికి వేరే లెక్క ఉంది. మొదటి అరంగుళానికి ఏమీ లేదు, ఆపైన ప్రతి అరంగుళానికి 4 శాతం. ఆరు తక్కువైనవాడికి ఆ నాలుగులు చిన్నవి కావు. నడుం పక్క ఎముక దగ్గర ఒక కొస ఆనించి, చీలమండ లోపలి గుబ్బ దాకా లాగుతుంది. నలభై ఏళ్ళుగా మెడలో టేపు వేసుకు తిరిగిన మనిషి తల ఎత్తి, ఆమె వేళ్ళనే చూస్తున్నాడు. అలవాటు ఆగదు.

"పైన కాస్త జారిందమ్మా టేపు."

ఆమె నవ్వి మళ్ళీ పెడుతుంది. కుడికాలు. ఎడమకాలు. అంకె చూసుకునేలోపే ఆయన అనేస్తాడు: "అంగుళంన్నర."

"మీకెలా తెలుసు?"

బాబాయ్ నా చేతిలోని ప్యాంటు వైపు చూపిస్తాడు. ఆమె అందుకుని రెండు కాళ్ళూ కలిపి పట్టుకుంటుంది. అంచులు కలవవు.

శాతం ఇక్కడ చెప్పరు, సచివాలయానికి వస్తుందట. బయటికొస్తాం. నడవ ఆరింది. ఇంతమంది ముందు ఆయన చెయ్యి తొడ మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోతుంది, అడుగడుక్కీ అదుముతూ. గేటు చేరేసరికి ఎడమవైపు ఇస్త్రీ మడత ఆనవాలు లేదు, కుడివైపుది అలాగే ఉంది.

ఫోను మోగుతుంది. పిన్ని. అవతలి గొంతు నాదాకా వినబడుతోంది: "ఎంతిచ్చారంట?"

"ఏమో తెలీదు," అంటాడు బాబాయ్. "కొలిచారు."