రుజువు, విశ్వాసం: హైదరాబాదు చరిత్రలో ఒక అధ్యాయం

1998 నవంబరులో హైదరాబాదు శివార్లలోని మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. రాళ్లగుట్టల నడుమ హైటెక్ సిటీ వెలిసింది. అక్కడి కార్యాలయాలలో పనిచేసే యువకులలో వేళ తప్పక నమాజు చేసేవారున్నారు. దైవం ఉనికినే శంకించేవారూ ఉన్నారు. ఉభయుల మధ్య వాదం వచ్చినప్పుడు, ప్రయోగానికి నిలిచినదే సత్యమని ఒకరంటారు. విశ్వాసానికి రుజువుతో పనిలేదని మరొకరంటారు. ఈ రెండు మాటలూ ఎంతవరకు నిలుస్తాయో పరీక్షించడానికి దూరం పోనక్కరలేదు. ఇదే నగర చరిత్ర చాలు.

1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ అనే వైద్యుడు శస్త్రచికిత్సకు క్లోరోఫాం వాడకాన్ని ప్రవేశపెట్టాడు. మరుసటి సంవత్సరమే ఇంగ్లాండులో, కాలిగోరు తీయించుకోవడానికి వచ్చిన పదిహేనేళ్ల బాలిక ఆ మత్తులోనే మరణించింది. అటువంటి మరణాలు ఆ తరువాత కూడా ఆగలేదు. కారణమేమిటన్న విషయమై వైద్యులు రెండు పక్షాలయ్యారు. క్లోరోఫాం ముందుగా శ్వాసనే ఆపుతుంది, శ్వాసను కనిపెట్టి ఉంటే ప్రమాదం లేదని ఎడిన్‌బరో పక్షం. అది నేరుగా గుండెను కూడా ఆపగలదు, నాడిని చూడాలని లండన్ పక్షం.

హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరోలో సైమ్ అనే శస్త్రవైద్యుని శిష్యుడు. గురువు మాటపై ఆయనకు అచంచలమైన నమ్మకం. నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రోత్సాహంతో 1888లో ఆయన జంతువులపై ప్రయోగాలు జరిపి, గురువు చెప్పినదే నిజమని ప్రకటించాడు. లండన్‌లోని 'లాన్సెట్' పత్రిక అందుకు సమ్మతించలేదు. అప్పుడు నిజాం వేయి పౌనులు ఇచ్చి, ఆ పత్రిక తరఫున ఒక నిపుణుని రప్పించాడు. లాడర్ బ్రంటన్ అనే ఆ నిపుణుడు క్లోరోఫాం గుండెను ఆపగలదనే అభిప్రాయంతోనే వచ్చాడు. 1889 చివరి మాసాలలో వందలాది జంతువులపై పరీక్షలు జరిగాయి. చివరకు ఆయన కూడా లారీ పక్షమే వహించాడు.

రుజువు దొరికినట్లే కనిపించింది. కాని రోగుల మరణాలు ఆగలేదు. 1911లో లెవీ అనే శాస్త్రవేత్త పిల్లులపై ప్రయోగాలు చేసి అసలు సంగతి బయటపెట్టాడు. మత్తు పూర్తిగా ఎక్కనప్పుడు, తేలికగా ఉన్నప్పుడే, గుండె లయ తప్పి అదరిపోయి హఠాత్తుగా ఆగిపోగలదు. హైదరాబాదు సంఘం మోతాదు మించిన మత్తునే ప్రధానంగా పరీక్షించింది. తేలిక మత్తులోని అపాయం దానికి పట్టుబడలేదు.

ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. లారీ ప్రయోగాలను తిరస్కరించినవాడు కాడు, స్వయంగా జరిపినవాడు. అయినా ఆ ప్రయోగాలు ఆయన నమ్మకం దాటి పోలేదు. ప్రయోగం తనను అడిగిన ప్రశ్నకే సమాధానమిస్తుంది. అడగని ప్రశ్నకు మౌనం వహిస్తుంది. ఆ మౌనాన్ని 'లేదు' అన్న తీర్పుగా భావించడమే జరిగిన పొరపాటు. దానికి మూల్యం చెల్లించినది రోగులు.

అదే 1888లో హైదరాబాదులో దాయిరతుల్ మఆరిఫ్ స్థాపించబడినది. ప్రాచీన అరబ్బీ గ్రంథాల ప్రచురణ దాని కర్తవ్యం. ఇబ్నుల్ హైసమ్ దృష్టిశాస్త్ర గ్రంథానికి కమాలుద్దీన్ ఫార్సీ రాసిన వ్యాఖ్యానాన్ని అది 1928, 1930 మధ్య ముద్రించింది. హిజ్రీ ఐదవ శతాబ్దంలో కైరోలో మరణించిన ఇబ్నుల్ హైసమ్ విశ్వాసి. బత్లమియూస్ అంతటి పండితుని సిద్ధాంతాలలోని లోపాలను ఎత్తిచూపడానికి ఆయన ఒక గ్రంథమే రచించాడు. పెద్దల మాట చదివేటప్పుడు దానిని శంకించాలని, తన విచారణను కూడా శంకించాలని ఆయన బోధించాడు. ఈ రెండవ మాటను లారీ పాటించలేదు.

ఈ నిజాయితీకి మూలం ఇస్లాంలోనే ఉన్నది. హిజ్రీ పదవ సంవత్సరంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) కుమారుడు ఇబ్రాహీం మరణించిన నాడే సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లనే గ్రహణం పట్టిందని ప్రజలు చెప్పుకున్నారు. అది ప్రవక్త (స)కు గొప్ప రుజువుగా చెలామణి కాగలిగినదే. కాని ఆయన దానిని నిరాకరించారు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదని స్పష్టం చేశారు. ఇమామ్ గజాలీ కూడా, లెక్కలతో రుజువైన గ్రహణ కారణాలను ధర్మం పేరిట కాదనేవారు ధర్మానికే హాని చేస్తారని హెచ్చరించారు.

కనుక విశ్వాసి తప్పుడు రుజువును, అది తనకు అనుకూలమైనదే అయినా, విడనాడవలసి ఉంటుంది. శంకించేవాడు ప్రయోగశాల అడగని ప్రశ్నకు ప్రయోగశాల పేరిట తీర్పు చెప్పకుండా ఉండవలసి ఉంటుంది. సృష్టికర్త ఉనికి గైబ్‌కు సంబంధించినది. గుండె ఎందుకు ఆగిందన్నది పరీక్షకు సంబంధించినది. మాదాపూర్‌లో వాదించుకునే ఇద్దరు మిత్రులు ముందుగా ఈ తేడాను గుర్తిస్తే, వారి వాదం వైరం కాకుండా విచారణ కాగలదు.