నల్లమందు వ్యసనం, జన్యు వైవిధ్యం

నల్లమందుకూ, దాని నుంచి వచ్చే మార్ఫిన్, హెరాయిన్‌లకూ అందరూ ఒకే తీరున బానిసలు కారు. ఒకే మోతాదు వాడినవారిలో కొందరు సులువుగా మానేస్తే, మరికొందరు ప్రాణం మీదికి వచ్చినా మానలేరు. ఈ తేడాలో జన్యువుల వాటా ఎంతన్నది ఇరవయ్యో శతాబ్ది చివరిలోగాని పరిశోధనకు అందలేదు.

అంతకు నూరేళ్ల ముందే, నల్లమందు వాడకంలో గోదావరి జిల్లా మద్రాసు రాజధానిలో ప్రత్యేకంగా నిలిచింది. మన్యపు చలిజ్వరాలకు విరుగుడని నమ్మి మింగేవారు. లైసెన్సు దుకాణాల్లో బహిరంగంగా దొరికేది, ఆ ఆదాయం ప్రభుత్వ ఖజానాకు చేరేది. 1893లో ఏర్పాటైన రాయల్ ఓపియం కమిషన్ 1895 నివేదికలో నిషేధం అక్కర్లేదని తేల్చింది. ఇది జ్వరం, నమ్మకం, అమ్మకం కలిసి పెంచిన అలవాటు. దీన్ని ఆ ప్రాంతవాసుల రక్తానికి అంటగట్టేందుకు ఆధారం లేదు. స్వాతంత్ర్యానంతరం అమ్మకాలను ఏటా తగ్గిస్తూ వచ్చి, 1959 నాటికి నమోదైన వ్యసనపరులకు తప్ప ఇతరులకు అమ్మడం ఆపారు.

శరీరంలో ఈ మందు పట్టుకునే గ్రాహకాలను 1973లో గుర్తించారు. వాటిలో ప్రధానమైన మ్యూ గ్రాహకాన్ని తయారుచేసే ఓపీఆర్ఎం1 జన్యువు ఆరో క్రోమోజోముపై ఉంది. దానిలో 118వ స్థానంలో అడినిన్ బదులు గ్వానిన్ వస్తే, ప్రోటీనులో ఆస్పరాజిన్ పోయి ఆస్పార్టిక్ ఆమ్లం చేరుతుంది. మారిన గ్రాహకాన్ని ఒళ్లు తానే తయారుచేసుకునే బీటా ఎండార్ఫిన్ మూడింతలు గట్టిగా పట్టుకుంటుందని 1998లో ప్రయోగశాలలో తేలింది. అదే ఏడాది వెలువడిన అమెరికన్ కవలల అధ్యయనం హెరాయిన్ వ్యసనంలో వంశపారంపర్య ప్రభావం బలంగా ఉందని చూపింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల్లో అక్కడ హెరాయిన్‌కు అలవాటుపడినవారు చాలామంది ఇంటికొచ్చాక మానేశారన్నదీ మరువరాదు. పరిసరాలకు అంత బలం ఉంది.

తూర్పు భారతంలోనూ ఈ జన్యువుపై పరిశోధనలు జరిగాయి. అయితే ఈ గ్వానిన్ రూపం ఆఫ్రికా సంతతిలో అరుదు, ఆసియాలో ఎక్కువ. జనాభాల మధ్య ఉన్న ఈ తేడాను వ్యసనానికి గుర్తుగా పొరబడే ప్రమాదం ఉంది. పెద్ద జన్యు అధ్యయనాల్లో పాల్గొన్నవారు అత్యధికం ఐరోపా సంతతివారే. ఒక్కో మార్పు ప్రభావం స్వల్పమని ఆ అధ్యయనాలు చూపుతున్నాయి. 2023 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 15 జన్యు మార్పులతో ముప్పును అంచనా వేసే పరీక్షకు అనుమతినిచ్చింది. నిపుణుల సలహా సంఘం అంతకుముందే దాన్ని వ్యతిరేకించింది. అలాంటి పరీక్ష ఫలితాన్ని చూసి నొప్పితో ఉన్న రోగికి మందు నిరాకరించడం గాని, ముప్పు లేదనుకొని నిర్లక్ష్యంగా రాసివ్వడం గాని తప్పే.