జేర్, జబర్, పేష్

మక్తబుల్లో మా పిల్లలకు అరబ్బీ అక్షరాలు నేర్పుతారు, వాటి చరిత్ర మాత్రం చెప్పరు. తొలినాటి ఖురాన్ ప్రతుల్లో తెలుగు తలకట్టు, గుడి, కొమ్ముల్లాంటి గుర్తులు లేవు. బే, తే, సేలను విడదీసే చుక్కలూ అరుదే. కంఠస్థం చేసినవాళ్ళకు ఆ రాత చాలింది. అరబ్బీ తల్లిభాష కానివాళ్ళు ఇస్లాంలోకి వచ్చాక చదువులో తప్పులు దొర్లాయి. బస్రాలో అబుల్ అస్వద్ (మరణం 688) రంగు చుక్కలతో అచ్చులు సూచించాడని సంప్రదాయం. ఇప్పటి గుర్తులు 8వ శతాబ్దంలో ఖలీల్ బిన్ అహ్మద్ తెచ్చాడంటారు. మేం వాటిని పిలిచే జబర్, జేర్, పేష్ అరబ్బీ కూడా కాదు, ఫారసీ! తెలుగే ఇంటిభాషైన దూదేకులవాళ్ళని 'మీరేం ముసల్మానులు?' అని నిలదీసేవాళ్ళు మాలోనే ఉన్నారు. అలా అడిగేవాళ్ళు సాయంత్రం ఖురాన్ తెరిచి, అరబ్బులు కానివాళ్ళ కోసం పెట్టిన ఆ జేర్ జబర్‌లు పట్టుకునే చదువుకుంటారు.