పగడపు దిబ్బలు చూసే పడవ: కుటుంబంతో వెళ్లేవారు ఏం చూసుకోవాలి?

అరకు వెళ్లే దారిలో టైడా దగ్గర ఆగి అడవి చూసి, మర్నాడు వైజాగ్ బీచ్‌కు దిగే కుటుంబాలు చాలానే ఉంటాయి. అక్కడ పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే: "టీవీలో చూపించే రంగురంగుల పగడాలు ఇక్కడ కనిపిస్తాయా?"

సూటిగా చెప్పాలంటే, పెద్ద దిబ్బలు ఇక్కడ లేవు. పగడం రాయి కాదు, చెట్టూ కాదు. చిన్న చిన్న జీవులు గుంపుగా కట్టుకున్న ఇల్లు అది. వాటి ఒంట్లో ఉండే నాచు ఎండతో ఆహారం తయారుచేస్తుంది. కాబట్టి లోతు తక్కువగా, తేటగా, వెచ్చగా ఉన్న ఉప్పునీరు కావాలి. మన తీరంలో గోదావరి, కృష్ణ నదులు మంచినీటితో పాటు బోలెడంత ఒండ్రు తెచ్చి కలుపుతాయి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని కూడా బొర్రా గుహల మీదుగా పారి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. రుషికొండలో స్కూబా డైవింగ్ ఉన్నా, అక్కడ చూసేది ఎక్కువగా రాళ్లనూ, వాటిని అంటుకుని బతికే జీవులనూ.

ఎక్కడికి వెళ్లాలి?

మన దేశంలో పగడాలకు ముఖ్యమైన చోట్లు అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ. తెలుగువారికి అనువైనది అండమాన్. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ఓడ ఉంది. సుమారు రెండున్నర రోజుల ప్రయాణం, రోజూ ఉండదు. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు బాగానే ఉన్నారు, భాష ఇబ్బంది ఉండదు.

నార్త్ బే దగ్గరే ఉంటుంది. పాత ఎరుపు 20 రూపాయల నోటు వెనుక ఉన్న దృశ్యం అదే. వండూర్ నుంచి వెళ్లే జాలీబాయ్ దీవి 1983లో ఏర్పడ్డ మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులోది. దానికి అటవీ శాఖ పర్మిట్ కావాలి, ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు. జాలీబాయ్ మూసి ఉన్న నెలల్లో రెడ్ స్కిన్ దీవికి తీసుకెళ్తారు. స్వరాజ్ ద్వీప్ (హావ్‌లాక్)లో ఎలిఫెంట్ బీచ్ పేరున్నది. లక్షద్వీప్‌కు కూడా ముందుగా పర్మిట్ తీసుకోవాలి.

డిసెంబర్ నుంచి ఏప్రిల్ వరకు సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. వానాకాలంలోనూ, తుఫాన్లు వచ్చే అక్టోబర్, నవంబర్‌లలోనూ పడవలు ఆపేయవచ్చు.

పడవ ఎక్కే ముందు

2014 జనవరి 26న పోర్ట్‌బ్లెయిర్ దగ్గర పర్యాటకుల పడవ మునిగి 20 మందికి పైగా చనిపోయారు. పరిమితికి మించి ఎక్కించారని అప్పుడు బయటపడింది. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరం మనమెవరం మరచిపోలేదు. అందుకే ధర బేరమాడే ముందు ఇవి అడగండి:

• లైసెన్సు ఉందా? ఎంతమందికి అనుమతి? ఎక్కేవాళ్లను మీరే లెక్కపెట్టండి. ఎక్కువైతే దిగిపోండి, డబ్బు పోయినా సరే.
• పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా? పెద్దవాళ్లది పిల్లలకు వేస్తే నీళ్లలో జారిపోతుంది.
• ఒక గైడ్‌కు ఎంతమంది? ఈత రానివాళ్లను చేయి పట్టుకుని తీసుకెళ్తారా?
• మాస్క్, గొట్టం శుభ్రంగా కడుగుతున్నారా? ఒడ్డునే పెట్టుకుని చూడండి. మాస్క్ లీకైతే మార్పించండి.
• లంగరు ఎక్కడ వేస్తారు? పగడాల మీద వేసేవాళ్లను వదిలేయండి.

గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా నీళ్లలోకి దిగొద్దు. అమ్మమ్మ, నానమ్మలకు, చంటిపిల్లల తల్లులకు అద్దం అడుగున్న పడవలు హాయి. ఒళ్లు తడవకుండానే పగడాలు కనిపిస్తాయి.

మన ఇళ్ల అవసరాలు

ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు వేసుకోవడానికి మొహమాటపడక్కర్లేదు. ఎండ నుంచీ, గీసుకుపోకుండానూ అవే కాపాడతాయి. వదులు బుర్ఖా, చున్నీ మాత్రం నీళ్లలో చుట్టుకుని ప్రమాదం తెస్తాయి. మహిళా గైడ్, బట్టలు మార్చుకునే గది ఉన్నాయేమో బుకింగ్ రోజే అడగండి. పడవ తిరిగొచ్చే టైమ్ తెలిస్తే జుహర్ నమాజ్ ఎక్కడ చదవాలో ముందే అనుకోవచ్చు. భోజనం ప్యాకేజీలో ఉంటే మాంసం ఎక్కడిదో అడగండి, సందేహమైతే చేపల కూర చెప్పండి.

చూడండి, తాకొద్దు

కొమ్మల్లాంటి పగడాలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పెరుగుతాయి. బండల్లాంటివి సెంటీమీటరు పెరగడమే గొప్ప. ఒక్క కాలు పడితే ఏళ్ల కష్టం విరిగిపోతుంది. నీళ్లు మరీ వేడెక్కితే లోపలి నాచు వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది. 2010లో అండమాన్‌లో అలా చాలా దెబ్బతిన్నాయి. పోయినచోట మళ్లీ పెంచే పనులూ సాగుతున్నాయి: 2020లో గుజరాత్‌లోని మీఠాపూర్ దగ్గర సముద్రంలో ఇనుప చట్రాలు దించి, స్వల్ప కరెంటు పంపి పగడాలు పెంచే ప్రయత్నం మొదలైంది. ఇలాంటి కొత్త దిబ్బలు ఇంకా పసివి, దూరం నుంచే చూడాలి.

పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులికిచ్చినంత రక్షణ ఉంది. విరిగిన ముక్కైనా సరే, బ్యాగులో వేసుకుంటే ఎయిర్‌పోర్టులో కేసు అవుతుంది. సన్‌స్క్రీన్‌లో ఆక్సీబెంజోన్ ఉందేమో చూడండి. పగడాలకు హాని అని హవాయిలో 2021 నుంచి దాని అమ్మకం ఆపేశారు. పూర్తి చేతుల చొక్కా ఉంటే క్రీముతో పనే తక్కువ.