గణపురము కోటగుళ్లు

పాలంపేటలోని రామప్పగుడిని జూచినవారు మీలో ననేకులుందురు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు దానిని 1213వ సంవత్సరమున నిర్మించెనని యచటి శాసనము చెప్పుచున్నది. 2021లో నది ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తింపబడినది. యాత్రికులు నల్లరాతి మదనికలను జూచి మురిసి, అటనుండియే మరలిపోవుదురు. నేనును ముప్పదియేండ్లట్లే మరలితిని. కాకతీయ చరిత్రమును బోధించినవానికిది సిగ్గుచేటు.

దానికి గొద్ది దూరముననే, భూపాలపల్లి జిల్లా గణపురమున, కోటగుళ్లున్నవి. మొన్ననే పోయి చూచితిని. రాతి ప్రాకారము నడుమ గణపేశ్వరాలయము, చుట్టును చిన్నగుడులు. అన్నియు గలిసి 22 అందురు. పెక్కులు శిథిలములు. ఉత్తర ముఖమండపమున సగము మనిషి, సగము సింహమైన గజకేసరి యొకటి యేనుగుపై నెక్కియున్నది. దానికంటె నన్ను నిలిపినది వేఱొకటి. పలకలు వీడిన గోడలో రాయి రాతిపై నెట్లమరెనో, దూలము స్తంభముపై నెట్లానెనో కన్నులార గనబడినది. నల్లబల్లపై రాజుల పేర్లు, సంవత్సరములు వ్రాయుచునే నా కొలువు ముగిసెను. ఆ దూలము నెత్తిన చేతులనుగూర్చి బాలురకొక్క మాటయు జెప్పనైతిని.

రామప్పకు ప్రొద్దుననే పోవువారు నాటి సాయంకాలములోపలనే గణపురమును గూడ జూడవచ్చును.