ఓడ వికారం మందులు: నౌక మీది నుంచి నీటి అడుగుకు

ఓడ ఊగేటప్పుడు లోపలి చెవి కదలికను పసిగడుతుంది గాని, గది గోడలను మాత్రమే చూస్తున్న కంటికి ఆ కదలిక కనబడదు; ఈ రెండు సంకేతాలకూ పొంతన కుదరక మెదడు తికమకపడటమే ఓడ వికారానికి మూలమని నేటి వైద్యశాస్త్రం వివరిస్తుంది. గిరగిర తిప్పినా బధిరుల్లో పలువురికి తల తిరగడం లేదని మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1882లో ప్రకటించిన పరిశీలన, ఇందులో లోపలి చెవిదే కీలక పాత్ర అన్న అవగాహనకు బలం చేకూర్చింది.

మందుల అన్వేషణ ఊపందుకున్నది మాత్రం రెండో ప్రపంచ యుద్ధంలోనే, ఒడ్డున దిగీ దిగగానే పోరాడవలసిన సైనికులు పడవల్లోనే వాంతులతో నీరసించిపోతున్న రోజుల్లో. అప్పట్లో బ్రిటిష్ పరిశోధకులు మెచ్చిన హయోసిన్, అంటే స్కోపాలమిన్, ఖురాసాని వాములోనే కాక తెలుగు పల్లెల్లో దిబ్బల మీద మొలిచే ఉమ్మెత్తలోనూ ఉంది. ఉమ్మెత్తకాయ తిన్నవారి మతిని చలింపజేసే పదార్థాల్లో ఒకటైన హయోసినే, మిల్లీగ్రాములో కొద్ది వంతు మోతాదులో వాంతిని ఆపుతుంది. అయితే నోరెండటం, చూపు మసకబారడం, మగత దాన్ని వెన్నంటే ఉంటాయి.

రెండో తరగతి మందులు అలర్జీ చికిత్స నుంచి అనుకోకుండా పుట్టాయి. 1947లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో దద్దుర్లకు కొత్త మందు వాడిన ఒక స్త్రీ, ట్రాము ఎక్కినప్పుడల్లా తనను పీడించే వికారం మాయమైందని చెప్పగా, వైద్యులు లెస్లీ గే, పాల్ కార్లైనర్ ఆ మాటను కొట్టిపారేయక, 1948 చివర అట్లాంటిక్ దాటుతున్న జనరల్ బల్లూ అనే సైనిక నౌకలో పరీక్షించి దాని గుణాన్ని నిర్ధారించారు. రోగి మాటకు చెవి ఒగ్గడమే ఈ ఆవిష్కరణలోని గొప్పతనం. డ్రామమిన్ పేరుతో వెలువడిన ఈ మందులో డైఫెన్‌హైడ్రమిన్ అనే అలర్జీ మందు కలిగించే మగతకు విరుగుడుగా కెఫీన్ జాతి ఉత్తేజకాన్ని జోడించినా, మగత పూర్తిగా పోలేదు.

ప్రయాణికుడికి అది పెద్ద నష్టం కాదు, పడుకుంటే సరిపోతుంది. 1943లో కుస్తో, గన్యాన్ రూపొందించిన ఆక్వాలంగ్ అనే శ్వాస పరికరం, గాలి సిలిండరుతో నీటి అడుగున ఈదే స్కూబా ఈతను సామాన్యుల చెంతకు తెచ్చాక లెక్క మారిపోయింది. సుమారు 30 మీటర్ల లోతు దాటాక, పీడనం వల్ల గాలిలోని నత్రజని మత్తులా పనిచేసి ఆలోచనను మందగింపజేస్తుంది; దానికి నత్రజనే కారణమని అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకీ 1935లోనే ప్రతిపాదించాడు. ఆ మత్తుకు మందు మగత తోడైతే గాలి నిల్వనూ, పైకి వచ్చే వేగాన్నీ కనిపెట్టుకోవలసిన బుద్ధి మరింత మొద్దుబారే ప్రమాదం ఉంది. అలాగని వికారాన్ని ఓర్చుకొని నీటిలోకి దిగడమూ క్షేమం కాదు, ఎందుకంటే వాంతులు ఒంట్లోని నీటిని తోడేస్తాయి.

అందుకే కొత్త మందును ఈత లేని రోజున, నేల మీదే వాడి చూసి, మగత కనబడితే లోతుకు దిగకపోవడం, చెప్పిన మోతాదు మించకపోవడం, మద్యం ముట్టకపోవడం జాగ్రత్తలుగా స్థిరపడ్డాయి. అమెరికాలో 1979లో ఆమోదం పొందిన, చెవి వెనుక మూడు రోజులు ఉంచుకునే హయోసిన్ పట్టీ మాత్రల బెడదను తప్పించింది గాని, దాన్ని ముట్టిన వేలితో కన్ను నలుపుకుంటే కనుపాప విప్పారి చూపు చెదురుతుంది గనుక, పట్టీ అంటించిన వెంటనే చేతులు కడుక్కోవలసి ఉంటుంది.